తొమ్మిది మంది కోసం విమానం ఎగరేస్తారా?

బస్టాండు బాబాయ్ జవాబులు

ప్రశ్న: బాబాయ్ గారూ, నమస్కారమండి. సంక్రాంతికి మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చాడు. ఫోనులో పాత ఫొటోలు చూపిస్తూ ఒక ఫొటో దగ్గర ఆగాడు. 2020 ఏప్రిల్‌లో కరోనా దెబ్బకి ఉద్యోగం పోయి, స్నేహితుడి దగ్గర తలదాచుకుందామని డల్లాస్ నుంచి ఏదో చిన్న ఊరికి విమానం ఎక్కాడట. ఫొటోలో చివరిదాకా ఖాళీ సీట్లే. వాడితో కలిపి తొమ్మిది మందేనట. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మకి ఒంట్లో బాగోలేదని కబురొస్తే, పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళడానికి నాకు బస్సు లేదు, ఆటో లేదు. పట్టుమని పది కిలోమీటర్లు! అంత విమానానికి అంత పెట్రోలు పోసి తొమ్మిది మందిని తిప్పారంటే వాళ్ళకి డబ్బు చేదా అండీ?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: డబ్బు ఎవరికీ చేదు కాదమ్మా. విమానాలవాళ్ళకి అసలే కాదు. పెట్రోలన్నారు గానీ, ఆ పెద్ద విమానాల్లో పోసేది కిరసనాయిలుకి దగ్గర చుట్టం. సరే, అది అటుంచండి. నాకు తెలిసింది బస్సు కాబట్టి ముందు బస్సెక్కి, తర్వాత విమానం ఎక్కుదాం.

ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను. మొదట కండక్టరుని, చివర్లో మైకు ముందు కూర్చునే కంట్రోలరుని. కండక్టరుగా ఉన్నప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకి ఒక లంక ఊరికి నైట్ హాల్ట్ బస్సు మీద వెళ్ళేవాణ్ణి. ఎక్కేది ముగ్గురో నలుగురో. వాళ్ళూ గట్టు దగ్గర దిగిపోతే చివరి నాలుగు కిలోమీటర్లూ నేనూ, డ్రైవరూ, లైటు చుట్టూ పురుగులూను. ఆఖరి స్టాపులో సోడా కొట్టతను రోజూ ఒకటే మాట: “మీ ఇద్దరూ పడుకోడానికి ఇంత బస్సెందుకండీ, నవారు మంచం చాలదా?”

ఆ సోడా కొట్టతను తెల్లారి అయిదుంబావుకి లేస్తే కదా తెలిసేది! టాపు మీద అరటి గెలలు, లోపల కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదాకి వెళ్ళేవాళ్ళు, బంతిపూల గంపలు. మెట్టు మీద ఒంటికాలితో నిలబడి టికెట్లు కొట్టేవాణ్ణి. రాత్రి ఖాళీగా వెళ్ళకపోతే పొద్దున్న ఆ బస్సు అక్కడ ఉండదు. ఎస్సార్ షీటులో, అంటే టికెట్ల లెక్క రాసే కాగితంలో, ఆ రాత్రి సింగిల్ (ఒకవైపు ట్రిప్పు) ఒక్కటీ చూస్తే మాత్రం, నిజమే, ఎవరికైనా పిచ్చిపనే అనిపిస్తుంది.

మీ అబ్బాయి ఎక్కిన డల్లాసు మన రావులపాలెం లాంటిదనుకోండి. నాలుగు దిక్కుల బండ్లూ అక్కడికొచ్చి కలుస్తాయి. పొద్దున్న పెద్ద ఊళ్ళో బయల్దేరిన విమానం చిన్న ఊరికెళ్ళి, అక్కణ్ణుంచి తిరిగొచ్చి, మళ్ళీ ఇంకో ఊరికి, అలా రోజుకి అయిదారు సింగిల్స్ కొట్టి రాత్రికి ఏదో ఒక చిన్న ఊళ్ళో నిద్రపోతుంది. తొమ్మిది మందే ఉన్నారని మధ్యలో ఒక సింగిల్ ఎత్తేస్తే, అవతల ఊళ్ళో ఎదురుచూసే జనానికి విమానమూ ఉండదు, దాన్ని నడిపే పైలట్లూ ఉండరు.

మనవైపు దీనికి ఇంకా తేటగా కనబడే ఉదాహరణ ఉంది. 2020 మే 7 నుంచి ‘వందే భారత్’ పేరుతో విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళని తెచ్చారు. మన కోనసీమ నుంచీ నరసాపురం వైపు నుంచీ ఎంతమంది ఆడవాళ్ళు కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళారో మీకు నేను చెప్పాలా? వాళ్ళని తేవడానికి వెళ్ళిన విమానాలు మొదట్లో దాదాపు ఖాళీగానే వెళ్ళాయి. వెళ్ళేటప్పుడు ఫొటో తీస్తే మీ అబ్బాయి ఫొటోలాగే ఉండేది. వచ్చేటప్పుడు తీస్తే ఏడుపొచ్చేది.

ఇది ఒక కారణం. మీ అబ్బాయి విషయంలో దీనికన్నా గట్టి కారణం ఇంకొకటుంది: ప్రభుత్వం సొమ్ము. 2020 మార్చి 27న అమెరికాలో కేర్స్ చట్టం వచ్చింది. ప్రయాణికుల విమాన సంస్థలకి జీతాల కోసమే 2,500 కోట్ల డాలర్ల దాకా కేటాయించారు. మన లెక్కలో లక్షా ఎనభై వేల కోట్ల రూపాయల పైమాట. ఊరికే ఇవ్వలేదు. సెప్టెంబరు 30 దాకా ఉద్యోగుల్ని తీసేయకూడదన్నారు. మార్చి 1కి ముందు వెళ్తున్న ఊళ్ళకి వెళ్తూనే ఉండాలన్నారు. అంతకుముందు వారానికి 5 రోజులో ఆ పైనో విమానం వెళ్ళే ఊరైతే కనీసం 5 సర్వీసులు, అంతకన్నా తక్కువ వెళ్ళే ఊరైతే కనీసం ఒకటి. కొన్ని ఊళ్ళకి మినహాయింపులు అడిగి తెచ్చుకున్నారు గానీ పద్ధతి అది. అంటే ఆ తొమ్మిది టికెట్లమీద ఆ విమానం ఎగరలేదమ్మా. పదో టికెట్ అక్కడి ప్రభుత్వం కొన్నట్టు, అదీ చాలా ఖరీదైన టికెట్.

ఎంత ఖాళీ అంటే, 2020 ఏప్రిల్ 14న అమెరికా మొత్తం మీద విమానాశ్రయాల తనిఖీ దాటినవాళ్ళు 87 వేల చిల్లర. ఏడాది కిందట అదే వారంలో ఆ రోజు 22 లక్షలు. వందమంది తిరిగే చోట నలుగురు. అయినా నర్సులు ఎక్కాలి, పరీక్షల శాంపిళ్ళు ఎక్కాలి, ఉద్యోగం పోయిన మీ అబ్బాయి స్నేహితుడి ఇంటికి చేరాలి. ఈ ఖాళీ విమానాన్ని నేను తప్పు పట్టను.

తప్పు పట్టేది ఇంకొకటుంది. అది యూరప్‌ది. సంతలో చోటు లాంటి గొడవ.

మా చిన్నప్పుడు ఊళ్ళో మంగళవారం సంత. రావిచెట్టు కింద నీడపట్టున ఒక బూడిదగుమ్మడికాయల ముసలాయన కూర్చునేవాడు. ఆ చోటు ఆయనకి ఎవరూ రాసివ్వలేదు. వారం వారం వచ్చి గోనె పరిచాడు కాబట్టి ఆయనది, అంతే. రెండు వారాలు రాకపోతే మూడో వారం కుండలవాడో గాజులవాడో అక్కడ పరిచేస్తాడు, ఇక లేవడు. అందుకని తుపాను వానలో, సంతలో కుక్కలు కూడా లేని రోజు, ఈయన తాటాకు గొడుగేసుకుని నాలుగు కాయలు ముందు పెట్టుకుని కూర్చోవడం నేను చూశాను. అమ్మడానికి కాదు. చోటు కోసం.

లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి కిక్కిరిసిన విమానాశ్రయాల్లో రన్‌వే మీద దిగడానికీ ఎగరడానికీ టైము కేటాయిస్తారు. దాన్ని స్లాట్ అంటారు. పొద్దున్న ఏడింటి స్లాట్ అంటే రావిచెట్టు కింద చోటే. ఏడాదికి రెండు సీజన్ల లెక్క. సీజనులో నూటికి 80 సార్లు వాడుకుంటే వచ్చే ఏడాదీ అది నీదే. వాడుకోలేదా, ఇంకొకడికి పోతుంది. యూరప్‌లో ఇది 1993 నుంచీ చట్టం. మంచికే పెట్టారు, వాడుకోకుండా చోటు బిగపట్టి కూర్చోకూడదని. దాని విలువ ఎంతంటే, 2016లో లండన్ హీత్రూలో ఒక్క జత స్లాట్ల కోసం, అంటే ఒకసారి దిగి ఒకసారి ఎగరడానికి, ఒమన్ ఎయిర్ ఏడున్నర కోట్ల డాలర్లు ఇచ్చిందని పత్రికల్లో వచ్చింది. అప్పటి లెక్కన 500 కోట్ల రూపాయలు. 500 కోట్ల చోటు పోతుందంటే ఖాళీ విమానానికి కిరసనాయిలు పోయడం ఒక లెక్కా?

2020 మార్చి మొదట్లో అదే జరిగింది. జనం ఎక్కడం మానేశారు, స్లాట్ పోతుందన్న భయం పోలేదు, ఖాళీ విమానాలు తిరిగాయి. ‘దెయ్యం విమానాలు’ అని పేరు కూడా పెట్టారు. గోల లేచాక మార్చి 10న యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయెన్ నిబంధన సడలిస్తామని ప్రకటించారు. నెలాఖరుకి అది చట్టమైంది. 2001లో న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడూ, 2003లో సార్స్ జబ్బు అప్పుడూ, 2009 మాంద్యంలోనూ ఇదే సడలింపు ఇచ్చారు. మూడుసార్లు తుపాను చూసినవాళ్ళు నాలుగోసారి గొడుగు వెతుక్కున్నారు. నా కోపం అక్కడ.

ఆ తర్వాత కథ ఇంకా సరదాగా ఉంటుంది. 2021–22 చలికాలానికి 80 బదులు 50 శాతం వాడితే చాలన్నారు. లుఫ్తాన్సా అధిపతి కార్‌స్టెన్ స్పోర్, స్లాట్లు నిలబెట్టుకోవడం కోసమే ఆ చలికాలం 18,000 అనవసరపు విమానాలు నడపాల్సి వస్తోందన్నాడు. వినడానికి అయ్యో అనిపిస్తుంది. చవక టికెట్ల రైనెయిర్ అధిపతి మైకేల్ ఓలియరీ దానికి ఎదురు తిరిగాడు: అంత ఖాళీగా ఉంటే ఆ సీట్లు తక్కువ ధరకి జనానికి అమ్మొచ్చు కదా అని. నాకు గుమ్మడికాయల తాతే గుర్తొచ్చాడు. కొనేవాడు లేడని వానలో ఏడ్చేవాడు గానీ, కాయ పావలా తగ్గించమంటే ఒప్పుకునేవాడు కాదు. పక్కన కుండలవాడు ఎప్పుడు జరుగుతాడా అని చూస్తుండేవాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది, ఇద్దరి కళ్ళూ రావిచెట్టు మీదే ఉన్నాయి.

చిన్న కిటుకు ఇంకొకటుంది, అది చెప్పి వదిలేస్తాను. విమానం వాళ్ళు రద్దు చేస్తే డబ్బు వెనక్కివ్వాలి. మీరు రద్దు చేసుకుంటే కోత. అందుకని ఆఖరి నిమిషం దాకా ‘ఉంది ఉంది’ అంటూ, మీరే విసిగి మానుకునేదాకా చూసినవాళ్ళూ ఉన్నారు. మన దేశంలో లాక్‌డౌన్ టికెట్ల డబ్బు ఎవరికి ఎలా తిరిగివ్వాలో చివరికి సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న చెప్పాల్సొచ్చింది.

ఇక మీ పాలకొల్లు బస్సు. అమ్మా, మీరు అమెరికా విమానాన్నీ మన బస్సునీ పక్కపక్కన పెట్టారు. ఆ ఏప్రిల్‌లో మన దగ్గర ప్రయాణికుల విమానాలూ లేవు. దేశంలో మార్చి 25 నుంచి ఆపేస్తే మే 25న మొదలయ్యాయి. మన రాష్ట్రంలో ఇంకో రోజు ఆలస్యం. అదీ పాత షెడ్యూలులో మూడో వంతు మాత్రమే. మన బస్సులు మార్చి 22న ఆగి మే 21న కదిలాయి. రిటైరయిన నేను ఆ పొద్దున్న మాస్కు కట్టుకుని బస్టాండుకి వెళ్ళాను, చూడాలనిపించి. సీట్లమీద అడ్డంగా గుర్తులేసిన బస్సు ఒకటి బయల్దేరింది. లోపల అయిదుగురు. అలవాటు, లెక్కపెట్టకుండా ఉండలేను. మైకులో కుర్రాడి గొంతు వినగానే పక్కన టీకొట్టావిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ అయిదుగురి మీద డీజిల్ డబ్బులు రావని ఆవిడకీ తెలుసు.

ప్రశ్న: బాబాయ్ గారూ, నాది భీమవరం దగ్గర పల్లె, ఎనిమిదెకరాల రొయ్యల చెరువు. 2020 వేసవిలో సీడ్ (రొయ్య పిల్ల) కోసం, ఆ పిల్లల్ని పుట్టించే హేచరీకి ఫోన్ చేస్తే, “విమానాల్లేవండి, తల్లి రొయ్యలు రావట్లేదు” అన్నారు. అప్పుడు నమ్మలేదు, రేటు పెంచడానికి వేషాలనుకున్నాను. జనం విమానం ఎక్కకపోతే నా చెరువులోకి పిల్ల ఎందుకు రాదండీ?
– ఒక రైతు

జవాబు: రేటు సంగతి నాకు తెలీదు గానీ, ఆ మాటలో మాత్రం నిజముందండి.

మళ్ళీ బస్సే. తెల్లవారుజాము మొదటి సర్వీసులో ముగ్గురే ఉన్నారని జాలిపడకండి. డ్రైవరు వెనక పేపరు కట్టలు, డిక్కీలో మందుల షాపు పెట్టెలు, ఎవరిదో మోటారు వైండింగు. ఊళ్ళో పేపరు పడేది ఆ ముగ్గురి వల్ల కాదు గానీ, ఆ ముగ్గురి కోసం వేసిన బస్సు వల్ల.

ప్రయాణికుల విమానంలో మనం కూర్చునే నేల కింద పెద్ద కడుపు ఉంటుంది. మన సూట్‌కేసులు పోగా మిగిలిన చోటు సరుకుది. ప్రపంచంలో గాలిలో తిరిగే సరుకులో దాదాపు సగం సరుకు విమానాల్లో కాదు, ఈ ప్రయాణికుల విమానాల కడుపులోనే తిరిగేది. 2020లో జనం ఆగేసరికి ఆ సగంలో చాలా భాగం ఆగింది. మిగిలిన సగానికి రేట్లు ఆకాశాన్నంటాయి. అప్పుడు తమాషా జరిగింది: పైన ఒక్క మనిషి లేకపోయినా కింద సరుకు కోసమే విమానం ఎగరడం లాభమైంది. చైనా నుంచి మాస్కులు, గౌన్లు తెచ్చినవాళ్ళు సీట్లమీద కూడా పెట్టెలు కట్టారు, కొందరు సీట్లే పీకేశారు. మన దేశంలో 2020 ఏప్రిల్ 7న స్పైస్‌జెట్ ఢిల్లీ నుంచి చెన్నైకి సీట్లలో సరుకు కూర్చోబెట్టి తెచ్చింది, మంటంటుకోని తొడుగులు కప్పి. మనమైతే అరటి గెలకి అర టికెట్ కొట్టి ఏనాడో చేసిన పనే.

మీ చెరువు సంగతికొస్తే, మీరు పెంచే వెనామీ రకం రొయ్య మన సముద్రంది కాదు. 2009 నుంచి మన దేశంలో పెంపకానికి అనుమతిచ్చారు. రోగం లేని తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచి, హవాయి, ఫ్లోరిడాల నుంచి, నీళ్ళూ ఆక్సిజనూ నింపిన సంచుల్లో విమానం దిగాలి. చెన్నైలో క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాకే మన తీరం హేచరీలకి చేరతాయి. మనకి కరోనా వచ్చాక తెలిసిన క్వారంటైన్ వాటికి ముందునుంచీ ఉంది. పట్టిన రొయ్య సంగతి వేరు. గడ్డకట్టించి కంటైనర్లో పెడితే కాకినాడ నుంచో విశాఖ నుంచో ఓడలో నెల రోజులైనా పోతుంది. మీ చెరువులో రొయ్య ఓడెక్కి వెళ్తుంది, దాని తల్లి మాత్రం విమానం దిగి రావాలి. ప్రాణమున్న సరుకు గంటల లెక్క. డల్లాసులో తొమ్మిది మందితో ఎగిరిన విమానం కడుపులో ఏముందో ఆ పాలకొల్లు తల్లి కొడుకుకి తెలీదు. తొమ్మిది మందే అనుకున్నాడు.

ప్రశ్న: అంకుల్, విమానం ఎగరకుండా నిలబెడితే కనీసం ఖర్చయినా మిగులుతుంది కదా?
– డిగ్రీ విద్యార్థి, రాజోలు

జవాబు: మీ నాన్న కారు రెండు నెలలు పోర్టికోలో ఉంచి, తర్వాత తాళం తిప్పి చూడు బాబూ.

విమానాల్లో చాలా అద్దెవి, ఎగిరినా ఎగరకపోయినా నెల తిరిగేసరికి అద్దె కట్టాలి. జీతాలు, బీమా, నిలిపినచోటుకి కిరాయి సరేసరి. ఇంజన్లకి మూతలు కట్టాలి. గాలి వేగం కొలిచే సన్నటి గొట్టాల్లో పురుగులు గూళ్ళు పెట్టకుండా తొడుగులెయ్యాలి. టైర్లు ఒకేచోట నలక్కుండా అప్పుడప్పుడు ముందుకీ వెనక్కీ జరపాలి. తేమ పడదు కాబట్టే స్పెయిన్‌లో తెరువేల్‌కీ, ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎలిస్ స్ప్రింగ్స్‌కీ తీసుకుపోయి వరసగా నిలబెట్టారు. మన గోదావరి గాలికైతే ఇనప గేటే రెండేళ్ళు నిలవదు.

ఎగిరితే అదనంగా అయ్యే ఖర్చులో పెద్దది ఇంధనం. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడిచమురు వాయిదా ధర (తర్వాత సరుకు తీసుకునేలా ముందే కుదుర్చుకునే బేరం ధర) సున్నా కన్నా కిందికి, బ్యారెల్ మైనస్ 37 డాలర్లకి పోయింది. పట్టుకుపొమ్మని ఎదురు డబ్బులిచ్చే పరిస్థితి. మన బంకులో ఆ చవక కనబడలేదనుకో. అంత చవకలో, ఇంధనానికీ రన్‌వే రుసుముకీ సరిపడా కాస్త సరుకూ కొందరు మనుషులూ దొరికితే నిలబెట్టడం కన్నా ఎగరేయడమే తక్కువ నష్టం.

పైలట్లకి ఇంకో చిక్కుంది. 90 రోజుల్లో కనీసం 3 సార్లు ఎగరేసి 3 సార్లు దింపకపోతే, జనాన్ని కూర్చోబెట్టి నడపనివ్వరు. నేలమీదే విమానం నడిపినట్టు చేయించే సిమ్యులేటర్ యంత్రం అందరికీ దొరకదు కదా. మా డిపోలోనూ కాలు విరిగి మూడు నెలలు ఇంట్లో ఉండి వచ్చిన డ్రైవరుకి ముందు ఖాళీ బస్సే ఇచ్చేవాళ్ళం. ఒకాయన ఆ ఖాళీ బస్సు వేసుకుని గ్యారేజీ చుట్టూ తిరుగుతుంటే, నేను అలవాటు కొద్దీ మైకులో రూటు పేరు చెప్పేశాను. నలుగురు పరిగెత్తుకెళ్ళి ఎక్కేశారు. దిగమంటే ఒక్కరూ దిగలేదు.